నేర్పిన పనికి లెక్క చెప్పాలి: మొగల్తూరు నుంచి ఒక ప్రణాళిక

మేము నరసాపురం దగ్గరి మొగల్తూరు మండలంలో పనిచేసుకుని బతికేవాళ్ళం. రొయ్యల షెడ్లలో వలుపు పనికి వెళ్ళే ఆడవాళ్ళు, చెరువు గట్ల మీద ఏరేటర్లూ మోటార్లూ చూసుకునే కుర్రాళ్ళు, అరుగు మీద కూర్చుని లేసు అల్లే తల్లులు, ఐటీఐ పాసై ఇంకా తగిన పని దొరకని పిల్లలు, గల్ఫ్ వెళ్ళి తిరిగొచ్చినవాళ్ళు, పని నేర్పే మాస్టర్లు మాలో ఉన్నారు. పదేళ్ళ పైబడి మా ఊళ్ళలో నైపుణ్య శిక్షణ మాట గట్టిగా వినిపిస్తోంది. ఆ శిక్షణ కావాలనే మేమూ అంటున్నాం. కానీ అది ఫలించిందో లేదో తేల్చడానికి ఇప్పుడు వాడుతున్న కొలత తప్పని మా దృఢమైన నమ్మకం. ఎంతమంది చేరారు, ఎంతమందికి సర్టిఫికెట్లు ఇచ్చారు, ఎన్ని సెంటర్లు తెరిచారు అన్నవన్నీ ఖర్చు పెట్టినవాళ్ళు చెప్పుకునే లెక్కలు. నేర్చుకున్న మనిషి ఏడాది తర్వాత, రెండేళ్ళ తర్వాత ఎక్కడ ఉంది, ఎంత సంపాదిస్తోంది, శిక్షణ లేకపోయినా ఆ పాటి సంపాదించేదేనా, ఆ పనిలో ఆమెకు పై మెట్టు కనిపిస్తోందా అన్నదే అసలు లెక్క. ఆ లెక్క అడిగే హక్కు మాకుందని ఈ ప్రణాళిక ద్వారా ప్రకటిస్తున్నాం.

ఈ మాట ఊరికే అనడం లేదు. దేశంలో అన్నిటికంటే పెద్ద శిక్షణ పథకం ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన 2015లో మొదలైంది. దాని మీద కాగ్ తయారుచేసిన నివేదిక 2025 డిసెంబరులో పార్లమెంటు ముందుకు వచ్చింది. స్వల్పకాలిక కోర్సుల్లోనూ ప్రత్యేక ప్రాజెక్టుల్లోనూ సర్టిఫికెట్ పొందినవాళ్ళలో పని దొరికినట్టు నమోదైంది 41 శాతం మందికి. పథకం రెండు, మూడు దశల్లో చేరినవాళ్ళలో 94 శాతానికి పైగా మందికి బ్యాంకు ఖాతా వివరాలు రాయాల్సిన చోట ఖాళీయో సున్నాలో ఉన్నాయి. మనిషి ఖాతా నంబరే సరిగా రాసుకోని వ్యవస్థ ఆ మనిషి జీతం పెరిగిందో లేదో ఎలా చెప్పగలదు? మమ్మల్ని ఇంతకంటే కలవరపెట్టేది మరొకటి ఉంది. మొదటి మూడు దశల్లో ఎంతమందికి ఉద్యోగం వచ్చిందో కనీసం చూసేవారు. నాలుగో దశకు వచ్చేసరికి ఆ పట్టింపు వదిలేశారు. అభ్యర్థి తనకు నచ్చిన దారి ఎంచుకునేలా శక్తినివ్వడమే లక్ష్యమని దానికి కారణం చెప్పారు. దారి ఎంచుకునే స్వేచ్ఛ మంచిదే, కానీ ఎవరు ఏ దారి పట్టారో చూడకపోతే ఆ స్వేచ్ఛ దక్కిందని ఎవరు చెప్పాలి? గ్రామీణ యువత కోసం 2014లో వచ్చిన దీనదయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన ఈ విషయంలో మెరుగు. శిక్షణ పొందినవాళ్ళలో 70 శాతం మందికి పని చూపాలని, ఆ పనిలో కనీసం మూడు నెలలు నిలవాలని షరతు పెట్టింది. మూడు నెలలు చాలా తక్కువ గడువే అయినా అడగాల్సిన ప్రశ్న అడిగినందుకు దాన్ని గౌరవిస్తాం.

అయితే ఎంతమందికి ఉద్యోగం వచ్చిందన్న లెక్క ఒక్కటే ఉన్నా మేము తృప్తిపడం. వంద మంది నేర్చుకుంటే నలభై మందికి పని దొరికింది అనుకుందాం. ఆ నలభై మందిలో చురుకైన పిల్లలు, చుట్టాలు ఫ్యాక్టరీల్లో ఉన్న పిల్లలు శిక్షణ లేకపోయినా పని సంపాదించేవాళ్ళే కావచ్చు. వాళ్ళను తీసేస్తే శిక్షణ వల్ల అదనంగా వచ్చిందెంత? తుర్కియేలో నిరుద్యోగులకు ప్రభుత్వం ఇచ్చే వృత్తి శిక్షణను పరిశోధకులు ఈ ప్రశ్నతోనే పరీక్షించారు. సీట్ల కంటే దరఖాస్తులు ఎక్కువగా ఉన్న కోర్సులు తీసుకుని, సీటు వచ్చినవాళ్ళనూ రానివాళ్ళనూ లాటరీ ద్వారా తేల్చి, తర్వాత రెండు వర్గాలనూ పోల్చారు. తేడా సున్నాకు దగ్గరగా వచ్చింది, మూడేళ్ళకు ఆ కాస్తా కరిగిపోయింది. ఇలాంటి అధ్యయనాలు చాలా దేశాల్లో జరిగాయి. వాటిని ఒకచోట చేర్చి 2017లో ఆర్థికవేత్త డేవిడ్ మెకంజీ చేసిన సమీక్షలో, శిక్షణ ఇచ్చిన ప్రతి వంద మందిలో దానివల్లనే కొత్తగా పని దొరికింది సగటున ఇద్దరికో ముగ్గురికో. దీన్ని చూపి శిక్షణలన్నీ దండగ అనేవాళ్ళతో మేము లేము. ఢిల్లీ బస్తీల్లో ఆడవాళ్ళకు కుట్టుపని నేర్పిన ఒక చిన్న కార్యక్రమాన్ని పరిశోధకులు పుష్కర్ మైత్ర, సుభా మణి ఇదే తరహాలో పరిశీలిస్తే, నేర్చుకున్నవాళ్ళు పనిలోకి రావడమూ సంపాదనా నిజంగానే పెరిగాయి, ఏడాదిన్నర తర్వాత కూడా నిలిచాయి. సెంటర్ దూరమైనవాళ్ళు, పిల్లల్ని చూసే దిక్కులేనివాళ్ళు మధ్యలో మానేశారన్న సంగతీ అందులోనే బయటపడింది. అంటే కొన్ని ఫలిస్తాయి, కొన్ని ఫలించవు, ఏది ఏదో పోల్చి చూస్తే తప్ప తెలియదు. మా ప్రాంతానికి ఈ పోలిక మరీ అవసరం. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు రొయ్య మీద బతికే ఊళ్ళన్నీ కుదేలయ్యాయి. అలాంటి ఏడాది ఒక బ్యాచికి పని దొరక్కపోతే ఆ తప్పు నేర్పిన మాస్టరు మీద వేయడం అన్యాయం. రేటు బాగున్న ఏడాది అందరికీ పని దొరికితే ఆ ఘనత శిక్షణ సంస్థ ఖాతాలో రాసుకోవడమూ అంతే అన్యాయం. అదే కాలంలో, అదే ఊళ్ళో, సీటు రానివాళ్ళ పరిస్థితి పక్కన పెట్టి చూస్తేనే నిజం తేలుతుంది.

రెండో మాట, పనితనం పెరిగితే దాని ఫలం ఎవరి జేబులోకి వెళ్ళిందో కూడా లెక్కలో ఉండాలి. ఇది నరసాపురం చుట్టుపక్కల ఆడవాళ్ళకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో క్రైస్తవ మిషనరీలు ఇక్కడ లేసు అల్లిక నేర్పారు. తల్లి నుంచి కూతురికి, కూతురి నుంచి మనవరాలికి దిగిన ఆ విద్య సముద్రాలు దాటి అమ్ముడుపోయింది. శిక్షణగా చూస్తే ఇంతకంటే విజయవంతమైనది ఈ జిల్లాలో లేదు. మరి సంపాదనగా చూస్తే? మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు ఇక్కడికి వచ్చి పనిచేసి 1982లో ప్రచురించిన పుస్తకంలో తేల్చిందేమిటంటే, రోజంతా అల్లే ఈ ఆడవాళ్ళను అందరూ గృహిణులుగానే లెక్కకట్టారు. అల్లేది తీరిక వేళ కాలక్షేపమన్నారు, ఆ పేరుతోనే కూలి అడుగున ఉంచారు. ఎగుమతి లాభం వ్యాపారులకు చేరింది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషమే. కానీ సూది పట్టిన చేతికి అల్లిన గజానికి ఎంత పెరిగిందో రాసిపెట్టకపోతే ఆ గుర్తింపు ఎవరికి దక్కినట్టు? ఇదే కథ బెంగళూరు వస్త్ర పరిశ్రమలోనూ నడిచింది. అక్కడ మిషన్ల మీద కుట్టే ఆడవాళ్ళకు మాటతీరు, సమయపాలన, సమస్యలు పరిష్కరించుకోవడం వంటివి నేర్పి ఫలితం కొలిస్తే, వాళ్ళ ఉత్పత్తి 13.5 శాతం పెరిగింది. జీతం పెరిగింది అర శాతం. పెట్టిన ఖర్చు మీద కంపెనీకి వచ్చిన రాబడి మాత్రం ఎనిమిది నెలలకే రెండున్నర రెట్లు. ఈ శిక్షణను విజయం అందామా? కంపెనీ లెక్కలో అవును. కుట్టిన మనిషి లెక్కలో ఆ మాట అనడానికి మాకు నోరు రాదు. అందుకని ప్రజల డబ్బుతో నడిచే ఏ శిక్షణ నివేదికలోనైనా యజమానికి పెరిగిన ఉత్పత్తి, కార్మికురాలికి పెరిగిన కూలి పక్కపక్కనే ఉండాలని కోరుతున్నాం.

మూడోది, పై మెట్టు సంగతి. రొయ్యల షెడ్డులోకి ఒకసారి వెళ్ళి చూడండి. తడి నేల మీద గంటల తరబడి నిలబడి, ఐసు నీళ్ళలో చేతులు పెట్టి, తల తుంచి, పొట్టు ఒలిచి, వీపు నరం లాగి, పళ్ళెం తూకానికి పంపే ఆడమనిషి పదేళ్ళకు ఎంత నేర్చుకుని ఉంటుందో ఆలోచించండి. రొయ్యను అరచేతిలోకి తీసుకోగానే అది కిలోకు నలభై కౌంటో అరవై కౌంటో చెబుతుంది. మెత్తబడిన సరుకును వాసనతోనే పట్టేస్తుంది. అయినా ఆమె కూలి కిలోల లెక్కనే ఉంటుంది, మొదటి రోజు చేరినప్పుడు ఎక్కడుందో పదేళ్ళకూ అక్కడే ఉంటుంది. గ్రేడింగ్ బల్ల దగ్గర బాధ్యత, సూపర్‌వైజరు కుర్చీ, నాణ్యత చూసే ల్యాబు అన్నీ అదే గోడల మధ్య ఉన్నా వాటికి దారి ఆమె ముందు లేదు. ముందే వచ్చిన పనికి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి ప్రభుత్వంలో ఉంది. ఆ కాగితాన్ని ప్లాంటు గుర్తించి కూలి మార్చితేనే దానికి విలువ. ఏ కోర్సు మొదలుపెట్టేముందైనా, ఇది పూర్తిచేస్తే వచ్చే పని ఏది, దాని జీతమెంత, దాని తర్వాత ఎక్కే పని ఏది, దానికి ఎన్నేళ్ళు పడుతుంది అన్నది తెలుగులో రాసి గోడకు అంటించాలి. రాయడానికి జవాబు లేని కోర్సు మొదలుపెట్టవద్దని మా మాట.

నాలుగోది చెప్పడానికి మనసు బరువెక్కుతుంది. 2017 మార్చి 30న మా మండలంలోని నల్లంవారితోట దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో ట్యాంకు శుభ్రం చేసే పనిలో విషవాయువు బారినపడి ఐదుగురు కార్మికులు చనిపోయారు. మూసి ఉన్న ట్యాంకులోకి దిగేముందు గాలి పరీక్షించాలి, పైన ఒక మనిషి తాడు పట్టుకుని ఉండాలి, లోపల పడిపోయినవాడి కోసం వెనుకాముందూ చూడకుండా ఇంకొకడు దూకకూడదు. ఇవి ఒక పూటలో నేర్పగలిగే సంగతులు. అయితే నేర్పినంత మాత్రాన సరిపోదు. గాలి పరీక్షించే పరికరం అక్కడ ఉండాలి, అది లేదంటే దిగను అని చెప్పిన మనిషికి మర్నాడు పని ఉండాలి. కాబట్టి భద్రత శిక్షణను హాజరు పట్టీతో కొలవడాన్ని ఒప్పుకోము. పరికరం ఉందా, దిగను అన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా, వాళ్ళ పని నిలిచిందా అని అడిగి కొలవాలి.

మా మాటకు వచ్చే అభ్యంతరాలు మాకు తెలుసు. ఇంత కాలం మనుషుల వెంట తిరిగి లెక్కలు రాయాలంటే ఖర్చు తడిసి మోపెడవుతుందని అంటారు. కానీ పీఎఫ్ ఉన్న ఉద్యోగమైతే నెలనెలా జమ చూస్తే తెలిసిపోతుంది. పీఎఫ్ లేని చోట, అంటే మా షెడ్లలో చాలా భాగం, డ్వాక్రా సంఘాల పుస్తకాలు నెల తప్పకుండా నడుస్తున్నాయి, 2019లో ఊళ్ళలో గ్రామ సచివాలయాలు కూడా వచ్చాయి. ఆరు నెలలకొకసారి నాలుగు ప్రశ్నలు అడిగి రాసుకోవడానికి కొత్త శాఖ అక్కర్లేదు. రెండో అభ్యంతరం బలమైనది. ఫలితాన్ని బట్టి డబ్బిస్తే సంస్థలు ఎలాగూ గట్టెక్కే పిల్లల్నే ఏరి చేర్చుకుంటాయి, చదువు ఆగిపోయినవాళ్ళను, ఇద్దరు పిల్లల తల్లిని గుమ్మం బయటే ఆపేస్తాయి. ఇది నిజంగా జరుగుతుంది. అందుకే చేరేనాటికి ఎవరు ఎక్కడున్నారో ముందే రాసి, అక్కడి నుంచి ఎంత దూరం వచ్చారో చూడాలంటున్నాం. వెనకబడినవాళ్ళు ముందుకొస్తే సంస్థకు ఎక్కువ ఇవ్వాలి. లాటరీ వేసి కొందరికి సీటు ఇవ్వకపోవడం దయలేని పని కాదా అని ఇంకొందరు అడుగుతారు. సీట్లు ముప్పై, దరఖాస్తులు డెబ్బై ఉన్నప్పుడు నలభై మందికి ఎలాగూ రాదు. సిఫార్సుతో పోయేకంటే అందరి ముందు చీటీ తీస్తే న్యాయమూ జరుగుతుంది, పోల్చడానికి వీలూ కలుగుతుంది.

ఊళ్ళో ఉద్యోగాలే లేకపోతే శిక్షణను తిట్టి ఏం లాభం అన్నదే అన్నిటికంటే పెద్ద ప్రశ్న. దీనికి మేము అడ్డు చెప్పం. ఫ్రాన్సులో ఆర్థికవేత్త ఎస్తేర్ డఫ్లో తదితరులు 235 ప్రాంతాల్లో నిరుద్యోగ యువతకు ఉద్యోగ వెతుకులాటలో సాయం చేసే కార్యక్రమాన్ని పరిశీలిస్తే, సాయం అందినవాళ్ళకు పని దొరికింది గానీ అందులో చాలా వరకు పక్కవాళ్ళకు రావాల్సిన పనే వీళ్ళకు మళ్ళింది. పది ఖాళీలున్న చోట అరవై మందికి ఒకే కోర్సు నేర్పితే మా పిల్లలు ఒకరి నోటి ముందు కూడు ఒకరు లాక్కోవాల్సి వస్తుంది. అందుకే సీటు రానివాళ్ళతో పోల్చడం దగ్గరే ఆగకుండా, మండలం మొత్తం మీద పనులు పెరిగాయా అని కూడా చూడాలి. పెరగలేదని తేలితే ఆ డబ్బు ఏరేటర్ మోటార్ల రిపేరు షెడ్డుకో, లేసు అల్లేవాళ్ళ సహకార సంఘం పెట్టుబడికో మళ్ళించాలని నిర్మొహమాటంగా అడుగుతాం. ఊళ్ళో పని లేక గల్ఫ్‌కు వెళ్ళే ఆడవాళ్ళ విషయంలోనూ ఫలితమే చూడాలి. వాళ్ళకు బయలుదేరేముందు ఇచ్చే అవగాహన తరగతిని కొలవాల్సింది అక్కడ పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరే ఉందా, ఒప్పుకున్న జీతం అందిందా అన్నదాన్ని బట్టి. ఉద్యోగం రాకపోయినా నేర్చుకోవడం వల్ల మనిషికి ధైర్యం వస్తుందనేవాళ్ళున్నారు. వస్తుంది, దాన్ని తక్కువ చేయం. ధైర్యం కోసమే నేర్పుతున్నామని ముందే చెప్పి, వచ్చిందో లేదో ఆ మనిషినే అడిగి రాయాలి.

2024 జూన్ 13న బాధ్యతలు చేపట్టిన రాష్ట్ర ముఖ్యమంత్రి చేసిన మొదటి సంతకాల్లో నైపుణ్య గణనది ఒకటి. ఎవరికి ఏ పని వచ్చో లెక్కించే ఆ ప్రయత్నాన్ని మేము స్వాగతిస్తున్నాం. దానికి రెండో సగం కూడా కావాలి, నేర్పిన పని ఎవరికి ఏం చేసిందన్న గణన. మా వంతుగా, రాబోయే బ్యాచి నుంచి మొగల్తూరు మండలంలో ఏ శిక్షణ జరిగినా ఒక పుస్తకం తెరుస్తాం. చేరిన రోజు సంపాదన, ఆరు నెలలకు, ఏడాదికి, రెండేళ్ళకు సంపాదన, చేస్తున్న పని, ఎక్కిన మెట్టు, మానేస్తే ఎందుకు మానేశారన్నది అందులో ఉంటాయి. సీటు రానివాళ్ళు ఒప్పుకుంటే వాళ్ళ వివరాలూ అలాగే రాస్తాం. పేర్లు బయటపెట్టం, మొత్తాలు మాత్రం ఆగస్టు 15న, జనవరి 26న గ్రామసభలో చదువుతాం. మా మాస్టర్లు నేర్పిన కోర్సు అయినా సరే, రెండేళ్ళకు తేడా కనిపించకపోతే దాన్ని ఆపమని కోరే తీర్మానం కూడా అదే సభలో మేమే పెడతాం.