నిలబడిన బండి నిద్రపోదు

పిల్లలూ!

మీలో చాలామందికి సైకిలు ఉండే ఉంటుంది. వేసవి సెలవులకు అమ్మమ్మగారి ఊరు వెళ్ళి, రెండు నెలల తరువాత తిరిగి వచ్చి సైకిలు బయటికి తీస్తే ఎలా ఉంటుంది? టైర్లలో గాలి ఉండదు. గొలుసు ఎర్రగా తుప్పు పట్టి ఉంటుంది. దాన్ని ఎవరూ తొక్కలేదు, ఎవరూ పడవెయ్యలేదు. మరి పాడుచేసింది ఎవరు?

ఈ ప్రశ్నకు జవాబు నాకు ఒక పాత శిష్యుడు చెప్పాడు. అతను ఇప్పుడు హైదరాబాదులో, జూబిలీ హిల్స్‌లో, ఒక సినిమా నటుడి ఇంట కార్ల బాగోగులు చూస్తున్నాడు. జూబిలీ హిల్స్, దాన్ని ఆనుకుని ఉన్న ఫిల్మ్ నగర్, రాతిగుట్టలమీద వెలిసిన పేటలు. తెలుగు సినిమా పరిశ్రమ మద్రాసునుంచి క్రమంగా ఇక్కడికి తరలివచ్చింది. రామానాయుడు స్టూడియో, ఫిలిం ఛాంబరు ఈ పక్కలనే ఉన్నవి.

నేను వెళ్ళినప్పుడు మా వాడు ఒక ఎర్రని స్పోర్ట్సు కారును షెడ్డులో పెట్టే పనిలో ఉన్నాడు. యజమాని షూటింగుకోసం నాలుగు నెలలు విదేశాలకు వెళుతున్నాడట. జూన్ మొదలు సెప్టెంబరు దాకా మనకు వానలు. ఆ కారు అడుగుకూ రోడ్డుకూ మధ్య జానెడు ఎడమైనా లేదు. గుట్టలమీద పడిన వాన పల్లపు వీధులకు పరుగెత్తుతుంది. 2020 అక్టోబరులో కురిసిన కుండపోతకు ఈ నగరంలో కార్లు నీళ్ళలో కొట్టుకుపోయినవి. అటువంటి రోజుల్లో ఇంత పొట్టి కారు బయటికి తియ్యరాదు.

చలిదేశాలవారు ఈ పని శీతకాలంలో చేస్తారు. అక్కడ రోడ్లమీద పేరుకున్న మంచు కరగటానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు ఇనుమును తినేస్తుంది. అందుకని ఖరీదైన కార్లను నాలుగైదు నెలలు షెడ్డులోనే ఉంచుతారు. మనకు మంచు బెడద లేదు. వానకాలపు తడిగాలితోనే పేచీ.

“తాళం వేసి, పైన ఒక పట్టా కప్పితే చాలదటరా?” అని అడిగాను.

మా వాడు నవ్వాడు. “మొదటి ఏడు అలాగే చేసి చివాట్లు తిన్నాను, మాస్టారూ. నిలబడిన బండి నిద్రపోదండీ. లోపల జరిగేది జరుగుతూనే ఉంటుంది,” అన్నాడు.

ఏమి జరుగుతుందో చూద్దాం.

మొదటిది తుప్పు. ఇనుమూ, గాలిలోని ప్రాణవాయువూ, నీరూ, ఈ మూడూ కలిస్తే తుప్పు పుడుతుంది. ఏ ఒక్కటి లేకపోయినా పుట్టదు. కావలిస్తే మీరే పరీక్షించండి. రెండు ఇనపమేకులు తీసుకోండి. ఒకదానికి నూనె బాగా పట్టించండి, రెండోదాన్ని అలాగే వదలండి. వేరువేరు తడిగుడ్డల్లో చుట్టి, గుడ్డలు ఆరిపోకుండా చూస్తూ వారం రోజుల తరువాత విప్పండి. నూనె చేసిన మేలు మీకే తెలుస్తుంది.

మా వాడు మొదటి ఏడు కారు కడిగి, సరిగా ఆరకుండానే ప్లాస్టిక్ పట్టా కప్పాడట. లోపలి తడి ఆవిరై, బయటికి పోయే దారి లేక, మళ్ళీ నీటిబొట్లై కారుమీదనే నిలిచింది. సీట్లకు బూజు పట్టింది. ఇప్పుడు కారును శుభ్రంగా కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, గాలి ఆడే నూలుగుడ్డ కప్పుతాడు.

చేతిబ్రేకు కూడా లాగి ఉంచడు. నెలల తరబడి అదిమి పట్టుకుంటే బ్రేకుబిళ్ళ తుప్పుతో చక్రపు పళ్ళేనికి అంటుకుపోతుంది. అందుకని కారును చదునైన నేలమీద నిలిపి, చక్రాలకు ముందూ వెనకా చెక్కదిమ్మలు పెడతాడు. మన ఎడ్లబండి చక్రానికి రాయి అడ్డం పెట్టటంలేదూ? అదే ఉపాయం!

రెండవది బ్యాటరీ. అందులో సీసపు పలకలూ, గంధకామ్లమూ ఉంటవి. కారు కదలకపోయినా గడియారం, దొంగలను పసికట్టే గంట కొద్దికొద్దిగా విద్యుత్తును తాగుతూనే ఉంటవి. బ్యాటరీ చాలాకాలం ఖాళీగా ఉంటే పలకలమీద గట్టి స్ఫటికాలు పేరుకుని, అది మళ్ళీ విద్యుత్తును సరిగా పట్టుకోలేదు. అందుకని సన్నని ధారగా విద్యుత్తు అందించే ఛార్జరు తగిలించి ఉంచుతారు.

మూడవది టైర్లు. కారు బరువు 1500 కిలోలనుకోండి. ఒక్కొక్క టైరు మోసేది సుమారు 375 కిలోలు. నేలకు ఆనేది మాత్రం అరచేయంత మేర. నెలల తరబడి ఆ ఒక్కచోటే నలిగితే టైరు అక్కడ చదునవుతుంది. తరువాత పరుగెత్తేటప్పుడు కారు దడదడలాడుతుంది. దీనికి విరుగుడు, కారు తయారుచేసినవారు చెప్పిన హద్దులో గాలి నిండుగా పట్టటం, అప్పుడప్పుడు కారును కాస్త ముందుకో వెనక్కో నెట్టటం.

నాలుగవది పెట్రోలు. ఇప్పుడు మన బంకుల్లో అమ్మే పెట్రోలులో నూటికి 20 పాళ్ళ వరకు ఇథనాలు కలుపుతున్నారు. ఇది చెరకునుంచీ, ధాన్యాలనుంచీ తీసే ఒక రకం సారాయి. వానకాలంలో ఉప్పు చెమ్మగిల్లటం చూశారు గదా? ఇథనాలూ అంతే, గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీరు ఎక్కువైతే రెండూ కలిసి పెట్రోలునుంచి విడిపోయి, టాంకు అడుగుకు చేరతవి. సగం ఖాళీ టాంకులో తడిగాలికి చోటెక్కువ. అందుకని టాంకు నిండుగా నింపి ఉంచుతారు.

అయిదవది ఎలుకలు! వెచ్చని చాటుచోటు దొరికితే ఇంజను పక్కనే గూడు కట్టి, తీగెలు కొరుకుతవి. మా వాడు పొగగొట్టంలో సన్నని జాలీ దూర్చి, “తియ్యకుండా నడపవద్దు” అని చీటీ రాసి స్టీరింగుకు కట్టాడు.

“వారానికి ఒకసారి అయిదు నిమిషాలు ఇంజను తిప్పితే సరిపోదా?” అన్నాను.

“అది చాలా చెడ్డ పనండీ,” అన్నాడు మా వాడు.

ఎందుకో తెలుసా? ఒక లీటరు పెట్రోలు మండితే దరిదాపు ఒక లీటరు నీరు ఆవిరి రూపంలో పుడుతుంది! దూరం వెళితే పొగగొట్టం బాగా వేడెక్కి ఆ ఆవిరి బయటికి పోతుంది. అయిదు నిమిషాలకే ఆపేస్తే అది లోపలే నీరై, గొట్టానికి తుప్పు పట్టిస్తుంది. అంతకన్న పెద్ద ప్రమాదం మరొకటి ఉన్నది. ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. మూసిన షెడ్డులో ఇంజను తిప్పితే మనిషి ప్రాణం పోవచ్చు.

జాగ్రత్త పడితే బండి ఎంతకాలం నిలుస్తుందో చూడాలంటే హైదరాబాదు పాతబస్తీలో చౌమహల్లా భవనానికి వెళ్ళండి. అక్కడ 1912 నాటి పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ కారు ఉన్నది. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ దానికోసం చెప్పి పంపాడు గాని, కారు చేరకముందే 1911లో కన్నుమూశాడు. అది తిరిగింది బహు తక్కువ, నిలబడిన కాలమే ఎక్కువ. తరువాత దాన్ని బాగుచేసి, అందరికీ చూపుతున్నారు. నూరేళ్ళు దాటినా చూడముచ్చటగా ఉన్నది.

చివరగా ఒక్క మాట. కదలని కారు కనబడితే దాగుడుమూతలకు మంచి చోటని మీకు తోచవచ్చు. 2025 మే నెలలో విజయనగరం దగ్గర ద్వారపూడి గ్రామంలో నలుగురు చిన్నపిల్లలు నిలిపి ఉన్న కారులోకి ఎక్కారు. తలుపులు పడిపోయినవి, బయటికి రాలేకపోయారు. నలుగురూ ఊపిరాడక చనిపోయారు. ఎండలో మూసిన కారు కొద్ది నిమిషాలలోనే పొయ్యిలాగా వేడెక్కుతుంది. చిన్నపిల్లలకు లోపలినుంచి తలుపు తియ్యటం తెలియకపోవచ్చు.

కనుక పెద్దవాళ్ళు లేకుండా నిలిపి ఉన్న కారులోకి ఎన్నడూ ఎక్కకండి. మీ తమ్ముళ్ళనూ, చెల్లెళ్ళనూ ఎక్కనివ్వకండి. ఎప్పుడైనా లోపల చిక్కుకుంటే స్టీరింగు మధ్యనున్న హారను నొక్కుతూనే ఉండండి. చాలా కార్లలో తాళంచెవి లేకపోయినా అది మోగుతుంది. ఇంట్లో కారు ఉంటే, తాళాలు పిల్లలకు అందని చోట పెట్టమనీ, కారు తలుపులు వేసి ఉంచమనీ నాన్నగారికి ఈ రోజే చెప్పండి.

బండిని దాచటమంటే దాన్ని మరచిపోవటం కాదు, పిల్లలూ. అది నిలబడి ఉన్నన్నాళ్ళూ దానిమీద ఒక కన్ను ఉండాలి.