పటం అతికితే చాలదు, తేడా ఎంతో రాయాలి

పాత గ్రామపటాన్ని స్కాన్ చేసి, కంప్యూటర్‌లో కొత్త సర్వే కొలతల మీద కూర్చోబెట్టడం ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రోజూ జరిగే పని. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో భూముల రీసర్వే మొదలయ్యాక పాత రికార్డును డ్రోన్ చిత్రంతో పోల్చి చూసే అవసరం మరీ పెరిగింది. లేఔట్లు వేసేవారికి, రోడ్లకు, కాలువలకు భూసేకరణ చేసేవారికి కూడా ఈ పని తప్పదు. స్కాన్ బొమ్మను క్యాడ్ సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చి, తెలిసిన సర్వే రాళ్ల మీద నొక్కి, వాటి కొలతలు ఇస్తే నిమిషాల్లో పటం నేల మీద అతుక్కుపోయినట్టు కనిపిస్తుంది. ఆ అతుకులో ఎన్ని మీటర్ల తేడా మిగిలిందో మాత్రం రైతు చేతికొచ్చే కాగితం మీద ఉండదు. ఉండి తీరాలని, తేడా రాయని పటాన్ని హద్దు తేల్చే ఆధారంగా ఒప్పుకోకూడదని నా వాదన.

కారణం లెక్కలోనే ఉంది. బొమ్మను జరపడానికి, తిప్పడానికి, రెండు దిక్కుల్లో సాగదీయడానికి, పక్కకు వంచడానికి సాఫ్ట్‌వేర్‌కు మొత్తం ఆరు అంకెలు కావాలి. ఒక్కో రాయి రెండు అంకెలిస్తుంది. అంటే మూడు రాళ్లు చూపిస్తే ఆరు అంకెలూ తేలిపోతాయి, తేడా సున్నా అని తెర మీద పడుతుంది. మూడింటిలో ఒక రాయిని ఎవరో పది మీటర్లు జరిపి పాతినా ఆ సున్నా మారదు. రబ్బరులా సాగదీసే పద్ధతి ఇంకా ప్రమాదకరం. ఎన్ని రాళ్లు చూపించినా బొమ్మను అన్నింటికీ లాగి అతికిస్తుంది, తప్పంతా రాళ్ల మధ్య ఉన్న పొలాల్లోకి పోతుంది. అతికించడానికి వాడని రాళ్లు కొన్నింటిని విడిగా పెట్టుకుని, పటం వాటి దగ్గర ఎంత తప్పిందో చూస్తేనే నిజం బయటపడుతుంది.

మీటరు, రెండు మీటర్లు అంటే పెద్ద విషయమా అనుకోవచ్చు. 1:5000 స్కేలు పటంలో అర మిల్లీమీటరు మందం గీత నేల మీద రెండున్నర మీటర్లు. 200 మీటర్ల పొడవున్న గట్టు అంతే పక్కకు జరిగితే 500 చదరపు మీటర్లు, అంటే 12 సెంట్లకు పైగా, దాదాపు ఐదు గుంటలు చేతులు మారినట్టే. ఎకరం, రెండెకరాల కమతం మీద బతికే ఇంటికి అది చిన్న ముక్క కాదు. కాగితం దశాబ్దాల తేమకూ ఎండకూ ఒక దిక్కున ఎక్కువ, మరో దిక్కున తక్కువ ముడుచుకుని ఉంటే ఆ తేడా దీనికి తోడవుతుంది. కొలతల చట్రాన్ని (డేటం) తప్పు ఎంచుకుంటే చెప్పనక్కర్లేదు. సర్వే ఆఫ్ ఇండియా పాత టోపోషీట్లు ఎవరెస్ట్ అనే పాత భూ ఆకృతి లెక్క మీద గీసినవి. వాటిని నేటి జీపీఎస్ లెక్కలోకి మార్చకుండా వాడితే మన ప్రాంతంలో వంద మీటర్లకు పైగా తప్పుతుంది. భూమిని నిలువు పట్టీలుగా విడదీసే యూటీఎం పద్ధతిలో అనంతపురం పట్టణం 43వ జోన్‌లో, విజయవాడ 44లో ఉంటాయి. ఏ జోన్ వాడారో పటం మీద రాయకపోతే తర్వాత దాన్ని తెరిచేవారు ఊహించుకోవాల్సిందే.

అసలు కొన్ని కాగితాలను బొమ్మగా అతికించనే కూడదు. తెలంగాణలో పొలం కొలతల పత్రమైన టిప్పన్ సాధారణంగా స్కేలుకు గీసింది కాదు, చేత్తో వేసిన చిత్తుబొమ్మ. దాని విలువంతా గీతల పక్కన రాసిన కొలతల్లో ఉంది. ఆంధ్ర ప్రాంతపు ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పుస్తకం)లోనూ జీ-లైన్ అనే ఆధార గీత పొడవు, దాని నుంచి ప్రతి మలుపుకూ ఎంత దూరమో అంకెల్లో రాసి ఉంటుంది. ఆ అంకెలతో హద్దును క్యాడ్‌లో కొత్తగా గీయాలి. స్కాన్ బొమ్మ మీద గీత దిద్దుకుంటూ పోతే కాగితం ముడతలను కూడా హద్దులుగా రాసుకున్నట్టవుతుంది.

డ్రోన్ సర్వే వచ్చాక పాత పటంతో పనేముందని కొందరంటారు. డ్రోన్‌కు కనిపించేది ఇవాళ్టి గట్టు. దాన్ని పక్క రైతు నిరుడు జరిపాడో లేదో చిత్రం చెప్పదు, పాత కొలతే చెప్పాలి. తేడా అచ్చువేస్తే తగాదాలు పెరుగుతాయన్నది రెండో అభ్యంతరం. ఇందులో కొంత నిజముంది, కొందరు దాన్ని సాకుగా వాడుకోవచ్చు. కానీ దాచినంత మాత్రాన తేడా పోదు, కొన్నాళ్లకు కోర్టుకెక్కుతుంది. రెండు మీటర్ల తేడా ఉన్న పటంతో అర మీటరు తగాదా తేల్చలేమని ముందే తెలిస్తే గొలుసు పట్టి నేల మీద కొలిపించుకోవచ్చు. రైతులకు ఇది అర్థం కాదనే మాటను మాత్రం ఒప్పుకోలేం. సెంటు లెక్కన భూమి కొని అమ్మే మనిషికి 'ఈ గీత రెండు మీటర్లు అటూ ఇటూ కావచ్చు' అన్న వాక్యం అర్థం కాకపోవడమేమిటి? పని పెరుగుతుందనడమూ నిలవదు. విడిగా పెట్టిన రాళ్లను సరిచూడటం ఒక పూట పని, హద్దు దావా ఏళ్ల తరబడి సాగేది.

అందుకే ప్రతి పటం కింద ఈ వివరాలు తప్పనిసరి చేయాలి: మూలం ఏ కాగితం, దాని స్కేలు ఎంత, ఏ కొలతల చట్రం, ఏ జోన్, అతికించడానికి ఎన్ని రాళ్లు వాడారు, విడిగా పెట్టిన రాళ్ల దగ్గర ఎంత తేడా వచ్చింది, ఎవరు, ఏ తేదీన చేశారు. దీనికి కొత్త యంత్రాలు, పెద్ద ఖర్చు అక్కర్లేదు. రెవెన్యూ, సర్వే శాఖలు ఒక ఉత్తర్వుతో అమలు చేయగల పని ఇది. ఈ వివరాలు లేని పటాన్ని ఎవరైనా చేతిలో పెడితే, సంతకం పెట్టేముందు అడిగి రాయించుకునే హక్కు రైతుకు ఉండాలి.