బుర్రలో చోటు చాలదట!

మా ఊరి పేరులోనే ఇంగ్లీషు ఉంది. ఐ.పోలవరం అంటే ఐలండ్ పోలవరం, గోదావరి పాయల నడుమ ఊరు. ఆ 'ఐ' వచ్చి చేరిందని పోలవరంలో తెలుగు తరిగిందేమీ లేదు.

అలాంటి చోట ఇప్పుడు తల్లిదండ్రులకు ఒక సలహా తిరుగుతోంది: 'ఇంట్లో తెలుగు మానెయ్యండి, లేకపోతే పిల్లలకి ఇంగ్లీషు రాదు.' బుర్రేదో సోలడు గిన్నె అయినట్టు, తెలుగు పోశాక ఇంక ఖాళీ ఉండదన్నట్టు! అన్నం తిన్నావా అని నోటిదాకా వచ్చినా మింగేసి 'ఈట్ రైస్, నాన్నా' అనే తల్లిని చూస్తే నాకు కోపమే వస్తుంది. ఆవిడ మీద కాదు.

కువైట్, మస్కట్ వెళ్ళి ఇళ్ళల్లో పనిచేసొచ్చిన ఆడవాళ్ళు కోనసీమలో ఎంతమంది లేరు! చాలామందికి అరబ్బీ అక్షరం తెలీదు. అయినా ఆ భాషలో వంట గురించి మాట్లాడారు, పసిపిల్లల్ని ఊరుకోబెట్టారు, రాత్రి ఫోనులో ఇంటివాళ్ళతో తెలుగులో ఏడ్చారు. విమానం ఎక్కేముందు తెలుగు ఇక్కడే దింపేసి వెళ్ళమని ఏ ఏజెంటూ చెప్పలేదు. వంటా, పిల్లల పెంపకమూ వాళ్ళకి తెలుగులో ముందే వచ్చు. నీళ్ళకి 'మాయ్' అని ఇంకో పేరు తగిలిందంతే. కెనడా పండితుడు జిమ్ కమిన్స్ చెప్పిందీ ఇంచుమించు ఇదే: పైకి రెండు భాషలు, అడుగున ఊట ఒకటే. తెలుగులో కూడిక తెలిసిన పిల్లకి ఇంగ్లీషులో మాటలు నేర్పాలి గాని కూడిక కాదు.

రెండో భాష బుర్రని చెడగొడుతుందేమో అంటారా? 2013లో హైదరాబాద్ నిమ్స్‌కి చెందిన సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు ప్రచురించింది. రెండు భాషలవాళ్ళలో జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా బయటపడింది, చదువురానివాళ్ళలో కూడా. ఆ లెక్క మీద పండితుల తగాదా తెగలేదు, సరే. రెండో భాషతో చెడిన బుర్ర ఆనవాలు మాత్రం అందులో లేదు.

'మావాడు రెండూ కలిపేస్తున్నాడండీ' అంటారు. 'బస్సు టైమైంది' అంటూ మనం కలపడం లేదా? అదే పిల్లాడు అమ్మమ్మ దగ్గర ఇంగ్లీషు ఎత్తడు. ఎవరితో ఏది పలకాలో వాడికి తెలుసు.

ఇంగ్లీషు అక్కర్లేదని నేననను. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఆరో తరగతి దాకా ఇంగ్లీషు మాధ్యమం అంటూ జీవో వచ్చింది, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. రెండు వైపులా గొంతులు చించుకున్నారు. పిల్ల రోజుకి ఎంతసేపు ఇంగ్లీషు వింటోంది, ఎవరితో మాట్లాడుతోంది అని అడిగినవాళ్ళు తక్కువ. కువైట్‌లో పనిచేసినావిడ చెవిలో పొద్దస్తమానం అరబ్బీయే. మన పిల్లకి పుస్తకం, కంఠతా. తెలుగు తీసేసినంత మాత్రాన, లాకు తలుపులెత్తగానే కాలవ నిండినట్టు ఇంగ్లీషు వచ్చి పడదు.

మొన్న ఎదుర్లంక దగ్గర ఒకావిడ రోడ్డు మధ్యలో ఆడుతున్న మనవణ్ణి తెలుగులో నాలుగుసార్లు పిలిచింది. వాడు కదల్లేదు. అరబ్బీలో 'యల్లా!' అంది. పరుగెత్తుకొచ్చాడు.