మైలేజీ కాదు బా, లోడు లెక్క చెప్పండి

పాత జీపు మాట ఎత్తితే చాలు, ఎవరైనా మొదట అడిగేది ఒకటే. "లీటరుకు ఎంతిస్తాది?" ట్రైలర్ తగిలించి పది ఇస్తాది అంటే నవ్వు. తర్వాత సలహా. పాత బండి డీజిల్ తాగేస్తాది, ఎవురికన్నా అంటగట్టి కొత్త పికప్ తీసుకో అని. చెప్పేవాళ్లలో సగం మంది ఎప్పుడూ బండి వెనక ట్రైలర్ కట్టి లాగినోళ్లు కాదు. మిగతా సగం కొత్త బండ్లు అమ్మేవాళ్లు.

సరే, లెక్కే వేద్దాం. మనలాంటి వాళ్లం తోటకీ, మండీకీ, దాణా కొట్టుకీ తిరిగేది ఏడాదికి 4,000 కిలోమీటర్లు అనుకోండి. పాతది లీటరుకు 10, కొత్తది 13. పాతదానికి 400 లీటర్లు, కొత్తదానికి 308. తేడా 92 లీటర్లు. లీటరు 97 రూపాయలు వేసుకున్నా 9 వేలు కూడా రాలేదు. అది ఏడాది మొత్తానికి మిగిలేది.

ఇప్పుడు కొత్త బండికి 8 లక్షలు అప్పు తీసుకుంటే, పది శాతం వడ్డీ, అయిదేళ్లు, నెల కంతు 17 వేలు. అంటే ఏడాదంతా మిగిల్చిన డీజిల్ డబ్బు ఒక్క నెల కంతులో సగానికి సరిపోతాది. ఇన్సూరెన్స్ సంగతి నేను ఎత్తడం లేదు. 2025లో మన చిత్తూరులో తోతాపురికి ఫ్యాక్టరీ ఇచ్చే ధర కిలోకు 8, ప్రభుత్వం కలిపేది 4 అని ప్రకటించారు గదా. టన్ను కాయకు ఫ్యాక్టరీ నుంచి 8 వేలు. ఒక్క నెల కంతు కట్టాలంటే రెండు టన్నుల పైన కాయ పోవల్ల. మామిడి నెలకొకసారి కాయదు, కంతు మాత్రం నెలనెలా కాస్తాది.

బాడుగకు తిప్పేవాళ్ల సంగతి వేరే. ఏడాదికి 40 వేల కిలోమీటర్లు తిరిగేవాడికి అదే తేడా 90 వేల దగ్గరికి వస్తాది. వాడు కొత్తది కొనడంలో న్యాయం ఉంది. వాడి లెక్క తెచ్చి మన నెత్తిన పెట్టడమే నాకు మంట.

ఇంకో మాట. పాత జీపులన్నీ ఒకటి కాదు. ఎంఎం 540లో ఉండేది ప్యూజో లైసెన్సు మీద చేసిన 2.1 లీటర్ల ఇంజన్. అందులో డీజిల్ ముందు చిన్న గదిలో మండి, అక్కణ్నుంచి సిలిండర్‌లోకి వస్తాది. ఆ గది గోడలకే కొంత వేడి పోతాది, చలికాలం పొద్దున హీటర్ ప్లగ్గులు బాగుంటే గానీ లేవదు. తర్వాత వచ్చిన 2523 సీసీ డీఐ ఇంజన్లో డీజిల్ నేరుగా పిస్టన్ మీదే పడతాది. మోత ఎక్కువ, తాగుడు తక్కువ, లాగుడు కింది గేర్లలోనే బాగుంటాది. లాగడానికి పాత బండి కొనేవాళ్లు రంగూ టైర్లూ కాదు, ముందు ఇది చూడల్ల.

నమ్మకం అంటే ఎప్పటికీ చెడిపోకపోవడం కాదు నా దృష్టిలో. చెడిపోతే సాయంత్రానికి లేస్తుందా అనేది. పంపు, నాజిల్, ఫిల్టర్, సెల్ఫ్, వీటిని మన మండలంలో మెకానిక్ నూనె చేతుల్తో విప్పి బిగిస్తాడు. కొత్తదాంట్లో ఒక సెన్సార్ పోయి లైటు వెలిగితే బండి శక్తి తగ్గించుకొని నడుస్తాది, లాప్‌టాప్ పెట్టి చూసేవాడు టౌన్లో ఉంటాడు. డీపీఎఫ్ ఉన్న డీజిల్ బండికి అప్పుడప్పుడూ హైవే మీద వేగంగా పోయి లోపలి మసి కాల్చుకునే అవకాశం ఉండల్ల. తోటలో అయిదు కిలోమీటర్లు పాకుతూ పోయే బండికి అది ఎక్కణ్నుంచి వస్తాది? కొత్త బండి పొగ తక్కువ, బ్రేకులు మేలు, కాదనను. కోతల్లో మూడు రోజులు షెడ్డులో ఉంటే ఆ మేలు నాకెందుకు?

అట్లని మనోళ్లను వెనకేసుకు రాను. పాత బండి పేరు చెడగొట్టింది చాలావరకు మనమే. నల్ల పొగ కక్కుతూ పోతే "ఇంజన్ బలం" అని మీసం తిప్పేవాళ్లను చూశా. అది బలం కాదు నాయనా, కాలకుండా పోతున్న నీ డీజిల్. ఎయిర్ ఫిల్టర్ పూడిపోయిందో, నాజిల్ కారుతోందో, పెద్ద గేరులో బలవంతంగా లాగుతున్నావో చూసుకో. పెద్ద టైర్లు వేసి మైలేజీ పడిపోయిందని ఏడుస్తారు. టైరు పెద్దదైతే మీటరు తక్కువ కిలోమీటర్లు చూపిస్తాదని కూడా తెలియదు. తారు రోడ్డు మీద ఫోర్ వీల్ గేరు వదిలేసి పోతారు, డీజిలూ పాయె, గేర్లూ పాయె.

ఇంకా కడుపుమంట కలిగించేది ఫ్యాక్టరీ క్యూ. సీజన్లో గేటు ముందు గంటల కొద్దీ ఇంజన్ ఆపకుండా పెడతారు. ఎందుకన్నా అంటే, ఆపితే సెల్ఫ్ పడదేమో అని! గంటకు అర లీటరు అనుకున్నా పది గంటలకు అయిదు లీటర్లు. బ్యాటరీ మార్చడానికి పిసినారితనం, పొగలో పోసేదానికి ధారాళం.

దిగినప్పుడు ట్రైలర్ చక్రాల హబ్బుల దగ్గర చెయ్యి పెట్టి చూడండి. ఒకటే వేడిగా ఉంటే బేరింగ్ ఎండిపోయింది. జీపు చక్రం అట్లా ఉంటే బ్రేకు పట్టేసింది. మైలేజీ దొంగ అక్కడే ఉంటాడు. భాకరాపేట ఘాట్ లాంటి చోట బ్రేకుల్లేని ట్రైలర్‌తో టాప్ గేరులో దిగేవాడికి మైలేజీ గురించి మాట్లాడే అర్హతే లేదు. ఎక్కిన గేరులోనే దిగల్ల.

ఇప్పుడు సర్కారు సంగతి. 15 ఏళ్లు దాటిన సొంత కారు, జీపు ఆర్‌సీ రెన్యువల్ 600 ఉండేది, 2022 ఏప్రిల్ నుంచి 5,000 చేశారు. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటినవాటికి 10,000 అన్నారు. నాది కోపమంతా ఆ అంకె మీద కాదు, అది దేన్ని బట్టి వేశారనే దాని మీద. ఏడాదికి 4,000 కిలోమీటర్లు తిరిగే, పొగ రాని 22 ఏళ్ల జీపుకు ఒక శిక్ష. రోజూ నల్ల పొగతో తిరిగే ఎనిమిదేళ్ల బండికి ఏమీ లేదు. పొగ మీటరు పెట్టి కొలవండి, బ్రేకు పరీక్ష చెయ్యండి, తప్పితే ఆపేయండి, నేనే చప్పట్లు కొడతా. పుట్టిన తేదీ చూసి జరిమానా వేయడం పరీక్ష ఎట్లవుతాది?

డీజిల్‌కు పదేళ్లే ఆయుష్షు అని భయపెట్టే వాట్సాప్ మెసేజ్‌లు నమ్మొద్దు. ఆ నిబంధన ఢిల్లీ చుట్టుపక్కలది, మన దగ్గర లేదు. ఆ భయం చూపించి పాత డీఐ జీపును ఇనుము ధరకు అడిగేవాళ్లు ఊర్లోకి వస్తున్నారు. అదే జీపు రెండు నెలలకు రంగేసుకొని బెంగళూరులో ఎంతకు పోతాదో ఒకసారి ఫోన్లో వెతికి చూసి, తర్వాత బేరం ఆడండి.

20 ఏళ్లు దాటిన బండి ఈమధ్య రెన్యువల్ చేయించుకున్నవాళ్లు ఎంత కట్టారు, ఫిట్‌నెస్‌లో ఏమేం చూశారు, కింద రాయండి. నాది వచ్చే మార్చిలో ఉంది.