వింత చప్పుడుకీ ఓ చిరునామా

ఇంట్లో కాలేజీకెళ్లే పిల్లలున్నవాళ్లకి ఈ బాధ కొత్తేం కాదు. అన్నానికి పిలిస్తే పలకరు. కూర బాగుందా అంటే తలూపుతారు... అది కూరకో, చెవిలో మోగుతున్న పాటకో తెలీదు. పోనీ ఆ వినేదేదో ఘంటసాల పాటో, కొత్త సినిమా పాటో అయితే సరిపెట్టుకోవచ్చు. ఉండబట్టలేక ఆ తీగ లాక్కుని మన చెవిలో పెట్టుకుంటే ఈలా కాదు, వేణువూ కాదు, అదో రకం కూత! ‘ఇదేం సంగీతంరా?’ అంటే, ‘క్యారెట్టమ్మా’ అని జవాబు.

అబద్ధం కాదండీ. ఆస్ట్రియా రాజధాని వియన్నాలో 1998లో మొదలైన కూరగాయల వాద్యబృందం ఒకటుంది. క్యారెట్టుకి బెజ్జాలు పెట్టి పిల్లనగ్రోవిలా ఊదుతారు. గుమ్మడికాయని డప్పులా వాయిస్తారు. కచేరీ రోజున బజారుకెళ్లి తాజా కూరలు తెచ్చుకోవడం, చెక్కుకోవడం, సాయంత్రం వేదికెక్కడం... ఇదీ వరస. అంతా అయ్యాక ప్రేక్షకులకి వేడివేడి కూరగాయల సూపు ఇస్తారు. చెవికీ కడుపుకీ ఒకే టికెట్టు అన్నమాట!

వినగానే నవ్వొస్తుంది. ఆ వెంటనే మనలోని అమ్మానాన్నలు నిద్రలేస్తారు. ‘ఇలాంటివి వెతుక్కోవడానికా వేలకు వేలు ఫీజులు కట్టేది?’ అని. ఆ ప్రశ్నకి జవాబు నాకు మా పక్క వాటాలో దొరికింది.

అక్కడుండే అమ్మాయి బీకాం రెండో ఏడాది. వింత పాటలన్నా, రోజూ వింటూ ఎవరూ పట్టించుకోని చప్పుళ్లన్నా ప్రాణం. ఓ రెండొందల పేజీల నోటుపుస్తకం పెట్టుకుంది. ఎడమ పేజీలో తాను విన్న చప్పుడు, కుడి పేజీలో దాని ఊరూ పేరూ. “ప్రతి చప్పుడుకీ ఓ అడ్రసు ఉంటుందక్కా. మనం అడగం, అంతే” అంటుంది. వాళ్ల నాన్నగారి దిగులు వేరు. “ఈ శ్రద్ధలో సగం అకౌంట్స్ మీద పెడితే బాగుణ్ననండీ” అంటారాయన. ఆయన తప్పేం లేదు. కానీ ఆ పుస్తకంలో నాలుగు పేజీలు చదివాక నాకు మాత్రం పక్కన పెట్టబుద్ధి కాలేదు.

అటక మీద ఫోను

మొదటి పేజీ అటక మీది పాత నోకియా ఫోనుది. మెసేజ్ వచ్చినప్పుడు దాంట్లో మోగే ఓ కూత గుర్తుందా? మూడు పొట్టివి, రెండు పొడుగువి, మళ్లీ మూడు పొట్టివి. అది ఉత్త కూత కాదు, టెలిగ్రాఫ్ వాళ్లు వాడిన మోర్స్ భాష. అందులో మూడు చుక్కలంటే ‘ఎస్’, రెండు గీతలంటే ‘ఎమ్’. అంటే ఆ ఫోను మనకి ‘ఎస్సెమ్మెస్, ఎస్సెమ్మెస్’ అని తంతి భాషలో చెబుతూ వచ్చింది. మన దేశంలో టెలిగ్రాం సేవ 2013 జులైలో ఆగిపోయింది. దాని భాష మాత్రం అలా మన జేబుల్లో దాక్కుని కూత పెట్టింది.

ఇక అదే ఫోను రింగుటోను సంగతి. మార్కెట్లో ఒకరి ఫోను మోగితే పదిమంది జేబులు తడుముకునేవాళ్లే, ఆ రాగం! దాని చిరునామా స్పెయిన్‌లో తేలింది. ఫ్రాన్సిస్కో తారెగా అనే గిటార్ విద్వాంసుడు 1902లో కట్టిన ‘గ్రాన్ వాల్స్’లో ఓ చిన్న ముక్క అది. పాపం, అంతమంది జేబుల్లో తన పాట మోగుతుందని ఆయన కలలో కూడా అనుకుని ఉండడు.

మరో పేజీలో చెత్తబండి. మన ఊళ్లలో మున్సిపాలిటీ ఆటో పాట పెట్టుకుని వస్తే బుట్ట పట్టుకుని పరిగెత్తుతాం కదా. తైవాన్‌లోనూ అంతే. అక్కడి బళ్లు మోగించేది జర్మన్ సంగీతకారుడు బీథోవెన్ రాసిన ‘ఫర్ ఎలీజ్’, లేదంటే పోలండ్‌కి చెందిన బదార్జెవ్‌స్కా అనే యువతి 19వ శతాబ్దంలో కట్టిన ‘కన్య ప్రార్థన’. పియానో క్లాసులో పిల్లలు కష్టపడి నేర్చుకునే ఆ పాట వినగానే, అక్కడివాళ్లకి గుర్తొచ్చేది చెత్త సంచి!

లోపం నాదే అన్న పెద్దమనిషి

ఇవన్నీ సరదా పేజీలు. ఆ అమ్మాయి ఎర్ర సిరాతో గీత గీసుకున్న పేజీ ఒకటుంది. అది ఆకాశవాణి ప్రసారాలు మొదలయ్యే ముందు వినిపించే రాగానిది. తెల్లవారుజామున రేడియో పెట్టిన ఇళ్లలో పెరిగినవాళ్లకి ఆ తంబురా శ్రుతి, దాని మీద తేలే వయొలిన్... చెప్పక్కర్లేదు, చదువుతుంటేనే వినిపిస్తుంది. శివరంజని ఛాయలున్న ఆ రాగాన్ని 1930ల్లో కట్టింది మనవాడు కాదు. పేరు వాల్టర్ కౌఫ్‌మన్. ఇప్పటి చెక్ దేశంలో ఉన్న ఊళ్లో 1907లో పుట్టిన యూదుడు. హిట్లర్ నాజీల పాలన ముంచుకొస్తుంటే 1934లో బొంబాయి చేరుకున్నాడు. తర్వాత అక్కడి రేడియోలోనే పాశ్చాత్య సంగీత విభాగం చూశాడు.

మన సంగీతం మొదటిసారి విన్నప్పుడు ఆయనకి ఒక్క ముక్క అర్థం కాలేదట. మనలాంటివాళ్లమైతే ‘ఇదేం గోల’ అని కట్టేసి ఉందుం. ఆయన మాత్రం ఇలా అనుకున్నానని రాసుకున్నాడు: దీన్ని తయారుచేసినవాళ్లూ మనసూ బుద్ధీ ఉన్న మనుషులే, లక్షలమంది దీన్ని ప్రేమిస్తున్నారు, కాబట్టి లోపం సంగీతంలో లేదు, నాలోనే ఉంది అని. సరే, నేర్చుకుందామని కూర్చున్నాడు. 1946 దాకా మన దేశంలో ఉన్నాడు. ఆనక అమెరికా వెళ్లి పాఠాలు చెబుతూ ఉత్తరాది రాగాల మీద 1968లో, దక్షిణాది రాగాల మీద 1976లో పెద్ద పుస్తకాలే అచ్చు వేయించాడు.

క్యారెట్టు పాట విని మనం నవ్విన నవ్వుకీ, ఆయన వేసుకున్న ప్రశ్నకీ మధ్య ఎంత దూరమో చూడండి. వింతగా ఉన్నదాన్ని విని ‘ఇది ఎవరిది, ఎక్కడిది?’ అని అడగడం కూడా చదువే. కాకపోతే దానికి మార్కుల కాగితం ఉండదు.

బల్ల కింది రికార్డు

అలా అడిగేవాళ్లు లేకపోతే ఏమవుతుందో కూడా ఆ పుస్తకంలోనే ఉంది. 1977లో అమెరికా వాయేజర్ వ్యోమనౌకల్ని పంపింది. ఎప్పటికైనా ఏ గ్రహాంతరవాసులకైనా దొరికితే భూమి గొంతు వినిపించాలని వాటిలో బంగారు పూత వేసిన రికార్డులు పెట్టారు. 55 భాషల్లో పలకరింపులున్నాయి. వాటిలో మన తెలుగూ ఉంది! సంగీతంలో భారతదేశం తరఫున వెళ్లింది ఒకే ఒక్క పాట. గోవాలో పుట్టిన హిందుస్తానీ గాయని కేసర్‌బాయి కేర్కర్ భైరవిలో పాడినది.

తీరా చూస్తే ఆ రికార్డు అప్పటికే అచ్చులో లేదు. వెతగ్గా వెతగ్గా న్యూయార్క్‌లో ఓ భారతీయ కుటుంబం నడిపే దుకాణంలో, ఓ బల్ల కింద, దుమ్ము పట్టిన పెట్టెలో దొరికింది. ఎవరో పట్టుబట్టి వెతికారు కాబట్టి సరిపోయింది. వాయేజర్-1 బయల్దేరింది సెప్టెంబరు 5న. అదే నెల 16న కేసర్‌బాయి కన్నుమూశారు. ఆవిడ గొంతు మాత్రం ఇప్పుడు 2,400 కోట్ల కిలోమీటర్లు దాటి ఇంకా పోతూనే ఉంది.

మన సొరకాయ మాటేమిటి?

వియన్నా గుమ్మడికాయని చూసి నవ్వుకున్నాం గానీ, మన దగ్గర ఎండిన సొరకాయ బుర్ర ఎన్ని పాటలకి గూడు కాలేదు! వెదురు బొంగుకి అలాంటి బుర్రలు కట్టి, తీగలు లాగి, మెట్లు అమర్చితే కిన్నెర. పాలమూరు పల్లెల్లో పండుగ సాయన్న లాంటి వీరుల కథలు ఈ కిన్నెర మీదే బతికాయి. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్య గొంతు 2021లో ‘భీమ్లా నాయక్’ సినిమా పాటలో వినిపించేదాకా మనలో ఎంతమందికి ఆ వాద్యం పేరు తెలుసు? 2022లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. పత్రికల్లో ఫొటోలు పడ్డాయి. 2024లో మళ్లీ ఫొటో పడింది... ఈసారి కట్టడం పనిలో దినకూలీగా. అవార్డు చూసి చప్పట్లు కొట్టాం. కిన్నెర వినడం మాత్రం అలవాటు చేసుకోలేదు. పిలిచి వాయించమనేవాళ్లు ఉంటేనే కదా ఏ కళాకారుడి పొయ్యిలోనైనా నిప్పు రాజుకునేది.

వెతకడానికి నడుం కట్టినవాళ్లు మనలోనూ లేకపోలేదు. బిరుదురాజు రామరాజు జానపద గేయాల మీద ఉస్మానియాలో పరిశోధన చేసి 1950ల్లోనే డాక్టరేట్ అందుకున్నారు. జయధీర్ తిరుమలరావు ఊరూరా తిరిగి ఆదివాసీ, జానపద వాద్యాలు సేకరించారు. హంగరీలో బేలా బార్టోక్ అనే కుర్రాడు 1904లో, 23 ఏళ్ల వయసులో, ఓ పనమ్మాయి పాడుకుంటున్న పల్లెపాట విని ఆగిపోయాడు. ఆ తర్వాత రికార్డింగ్ యంత్రం మోసుకుంటూ పల్లెలు తిరిగి వేల పాటలు పోగేశాడు. అంత బరువు మోయాల్సిన అవసరం ఇప్పుడు ఎవరికీ లేదు. ఆ యంత్రం మన పిల్లలందరి జేబుల్లోనూ ఉంది.

సగం పాట

మా పక్కింటి అమ్మాయికీ ఆ మాటే తట్టింది. మొన్న వేసవి సెలవుల్లో వాళ్ల నాయనమ్మ ముందు ఫోను పెట్టి, “తిరగలి పాట పాడవా?” అని అడిగింది. ఆవిడకి 82 ఏళ్లు. “పోవే, ఇప్పుడేం పాట” అని కాసేపు బెట్టు చేసి, చెయ్యి గుండ్రంగా తిప్పుతూ అందుకుంది. నాలుగు చరణాలు పాడి ఆగిపోయింది. “ఆ పైన మా అక్కకి వచ్చే తల్లీ. తను ఎత్తుకునేది, నేను వంత పట్టేదాన్ని” అంది. ఆ అక్క పోయి నాలుగేళ్లు. పాటలో మిగతా సగం ఆవిడతోనే పోయింది.

అకౌంట్స్ గురించి దిగులుపడే నాన్నగారు ఆ వేళ గుమ్మంలోనే నిలబడిపోయారు. తన తల్లి పాడుతుందని ఆయనకి 50 ఏళ్లు దాటాక తెలిసింది. నోటుపుస్తకంలో ఆ పేజీ కుడివైపు ఇంకా సగం ఖాళీగానే ఉంది. వాళ్ల ఊళ్లో ఇంకెవరికైనా ఆ పాట వచ్చేమో కనుక్కోమని ఇప్పుడు ఫోన్లు చేస్తున్నది ఆయనే.

కాబట్టి అమ్మలూ, నాన్నలూ... మీ పిల్లలు ఏదో వింత పాట వింటుంటే ఒక్కసారి ఆ రెండో తీగ మీ చెవిలో పెట్టుకుని, ‘ఎవరిదిరా ఇది?’ అని అడగండి. పరీక్షలు ఎలాగూ ఉన్నాయి, చదవమని చెప్పండి. వినొద్దని మాత్రం అనకండి. పిల్లలూ, మీకూ ఓ పని. వియన్నా దాకా వెళ్లిన చెవుల్ని ఓసారి మీ వంటింట్లోకీ, అమ్మమ్మగారి ఊళ్లోకీ తీసుకురండి. ఊయల పాట, నాట్ల పాట, సంక్రాంతికి గుమ్మంలోకొచ్చే గంగిరెద్దుల సన్నాయి, వీధిలో ఉప్పమ్మే కేక... ఏదైనా సరే. రికార్డు చేశాక పాడిన వాళ్ల పేరు, ఊరు, తేదీ చెప్పి కలపండి. అవి లేకపోతే పదేళ్ల తర్వాత అది ఎవరి గొంతో మీకే గుర్తుండదు.

ఇవాళ ఆదివారం. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇంట్లో పెద్దవాళ్లని ఓ పది నిమిషాలు అడిగి చూడండి. సగం పాటే వచ్చినా పర్లేదు, రాసిపెట్టుకోండి.