దారి పక్క అంగడి: ధర చెప్పే హక్కు ఎవరిది?



జపాన్ అనగానే మనవాళ్లు ముందు బుల్లెట్ ట్రైన్ గురించి అడుగుతారు, తర్వాత రోబోల గురించి. ఆరేళ్లుగా టోక్యోలో ఉంటున్నాను. ఇండియా నుంచి గానీ, అమెరికా నుంచి గానీ వచ్చిన స్నేహితుల్లో ఒక్కరు కూడా ‘మిచి నో ఎకి’ గురించి అడగలేదు. మిచి అంటే దారి, ఎకి అంటే స్టేషన్. రైలుకు స్టేషన్ ఉన్నట్టే రోడ్డుకూ ఒక స్టేషన్ అన్నమాట. పోయిన సెప్టెంబర్ చివరి శనివారం మా ఆవిడ, పాప, నేను అలాంటి ఒకచోట మూడు గంటలు గడిపాం. తిన్నాం, కొన్నాం, కారు డిక్కీ నింపుకున్నాం. విహారయాత్ర సంగతులు చెప్పి మీ టైం తినడం నా ఉద్దేశం కాదు. అక్కడ చూసిన ఒక చిన్న స్టిక్కర్ గురించి చెప్పాలి.

మేం వెళ్లింది చిబా ప్రిఫెక్చర్‌లోని క్యోనాన్ అనే చిన్న పట్టణానికి. జనాభా ఏడు వేలకు అటూ ఇటూ. టోక్యో వైపు నుంచి సముద్రం కింద సొరంగంలో దూరి, ఆ తర్వాత వంతెన మీద తేలి అవతలి ఒడ్డుకు చేరాలి. 1997లో తెరిచిన ఈ దారిని ఆక్వా లైన్ అంటారు. అక్కడి నుంచి దక్షిణంగా పోయి ఎక్స్‌ప్రెస్‌వే దిగగానే ఎదురయ్యేది ఒక ప్రైమరీ స్కూలు. పేరు హోతా షోగక్కో, అంటే హోతా ప్రాథమిక పాఠశాల. మిచి నో ఎకి అదే!

1888లో మొదలైన బడి అది. ఊళ్లో పిల్లలు తగ్గిపోయి 2014లో మూతపడింది. పట్టణం వాళ్లు బిల్డింగును కూలగొట్టలేదు, ప్లాట్లు వేసి అమ్మలేదు. 2015 డిసెంబర్‌లో దాన్నే మిచి నో ఎకిగా తెరిచారు. పిల్లలు ఆడుకున్న జిమ్నాసియం ఇప్పుడు కూరగాయల అంగడి. కింది క్లాసు గదుల్లో హోటళ్లు, కొట్లు. పై గదుల్లో ప్రయాణికులు రాత్రి బస చేయొచ్చు, నల్లబల్ల ఉన్న గదిలోనే పడుకోవచ్చు. 2023లో పక్కనున్న పాత కిండర్‌గార్టెన్‌ను కూడా ఇందులో కలిపేశారు.

తిండి సంగతి చెప్పకపోతే మీరు ఊరుకోరు. అక్కడ పాతకాలపు బడి భోజనం ట్రేలో పెట్టి ఇస్తారు. చక్కెర అద్దిన, నూనెలో వేయించిన బ్రెడ్డు మా పాపకు తెగ నచ్చింది. పక్క టేబుల్ దగ్గర అరవై దాటిన నలుగురు అవే ట్రేలు ముందేసుకుని చిన్నపిల్లల్లా నవ్వుకుంటున్నారు. నేను ఆ తీరం జాలర్ల వంట తిన్నాను. చేపను అల్లం, ఉల్లికాడ, మిసో కలిపి మెత్తగా కొడితే నమెరో అంటారు, అది పచ్చిగానే తినేది. దాన్నే వడలా తట్టి కాలిస్తే సంగా యాకి. పచ్చిది తినే ధైర్యం చేయలేదు, కాల్చింది రెండు ప్లేట్లు తిన్నాను. పక్కా శాకాహారులకు ఒక హెచ్చరిక: జపాన్‌లో నూడుల్స్ పులుసు పైకి ఎంత అమాయకంగా కనపడినా అడుగున చేప ఉంటుంది. అడగకుండా తినకండి.

తిన్నాక అంగడిలోకి వెళ్లాం. ముల్లంగి, వంకాయలు, చిలగడదుంపలు, ఊరగాయలు, తేనె సీసాలు, పూల కట్టలు. ప్రతి ప్యాకెట్ మీద చిన్న తెల్ల స్టిక్కర్. దాని మీద సరుకు పేరు, ధర, బార్ కోడ్, వాటి కింద పండించిన మనిషి పేరు. ఒకే రకం వంకాయ నాలుగు పేర్లతో నాలుగు ధరల్లో ఉంది. జనం పేరు చూసి తీసుకుంటున్నారు. ‘ఈయన వంకాయ బాగుంటుంది’ అని ఒకావిడ మా ఆవిడకు సలహా కూడా ఇచ్చింది.

ఒక మూలన ఉడకబెట్టిన పల్లికాయ కనపడింది. మా ఊరి పల్లికాయే అనుకోండి! జపాన్‌లో పండే వేరుశనగలో ఎక్కువ భాగం ఈ చిబాలోనే పండుతుంది. తవ్విన వెంటనే ఉప్పునీళ్లలో ఉడకబెట్టి అమ్ముతారు. ఒక పెద్దావిడ అప్పుడే ప్లాస్టిక్ బుట్టలో ఇంకొన్ని ప్యాకెట్లు తెచ్చి సర్దుతోంది. డెబ్భై దాటి ఉంటుంది. నాది ఆఫీసు జపనీస్, మీటింగులకు తప్ప మనుషులకు పనికిరాదు. అయినా అడిగాను, ఈ ధర ఎవరు పెడతారండీ అని. ఆవిడకు ముందు నా ప్రశ్న అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వింది. “నేనే. పండించింది నేనైతే ఇంకెవరు పెడతారు? వానలకు కాయ తక్కువ పడింది, అందుకే ఈ వారం ఇరవై యెన్లు పెంచాను” అంది. అని, బుట్ట తీసుకుని, బయట ఆపిన చిన్న తెల్ల ట్రక్కులో వెళ్లిపోయింది. అమ్ముడుపోయే దాకా అక్కడ నిలబడాల్సిన పని ఆవిడకు లేదు.

పద్ధతి ఇది. పొద్దున రైతు సరుకు తెస్తాడు. ధర తానే వేసి స్టిక్కర్లు ప్రింట్ తీసుకుని అతికిస్తాడు. తనే అరల్లో సర్ది పొలానికి వెళ్లిపోతాడు. అమ్మడం, డబ్బు తీసుకోవడం కౌంటర్ వాళ్ల పని. ఏ సరుకు ఎంత పోయిందో చాలాచోట్ల ఫోన్‌కే సమాచారం వస్తుంది. అయిపోతే మళ్లీ తెస్తాడు, సాయంత్రం మిగిలితే తీసుకుపోతాడు. అమ్మిన దాంట్లో సాధారణంగా పదిహేను నుంచి ఇరవై శాతం దాకా కమిషన్ పోతుంది, మిగతాది రైతు ఖాతాలో పడుతుంది. మనలో చాలామందికి ఇలాంటి సాఫ్ట్‌వేర్ రాయడం రెండు నెలల పని. గొప్పతనమంతా దాన్ని వాడే తీరులో ఉంది. ఆ ప్రోగ్రాంలో ‘ధర’ అనే గడిని నింపే పర్మిషన్ ఎవరికిచ్చారో చూడండి.

ఈ ఏర్పాటు ఆకాశం నుంచి ఊడిపడలేదు. రైలుకు స్టేషన్ ఉన్నప్పుడు రోడ్డుకు ఎందుకు ఉండకూడదన్న మాట 1990లో హిరోషిమాలో జరిగిన ఒక సదస్సులో వచ్చింది. కొన్నిచోట్ల తాత్కాలికంగా పెట్టి చూశారు. పనికొస్తుందని తేలాక 1993 ఏప్రిల్‌లో నిర్మాణ శాఖ మొదటి విడతగా 103 కేంద్రాలను రిజిస్టర్ చేసింది. ఇప్పుడు పన్నెండు వందలు దాటాయి. షరతులు సూటిగా ఉంటాయి. ఇరవై నాలుగు గంటలూ ఉచితంగా పార్కింగ్, శుభ్రమైన టాయిలెట్లు ఉండాలి. దారుల సమాచారం, ఆ ప్రాంత సమాచారం ఇవ్వాలి. స్థానిక జనం పాలుపంచుకునే చోటు అయ్యుండాలి. దరఖాస్తు పెట్టేది ఊరి మున్సిపాలిటీ. అంటే రోడ్డు సర్కారుదైనా అంగడి ఊరిది. 2004లో నీగాతాలో, 2011లో తోహోకులో భూకంపాలు వచ్చినప్పుడు ఇవే తలదాచుకునే చోట్లు, సహాయ కేంద్రాలు అయ్యాయి.

అంతా బంగారమని చెప్పను. నష్టాల్లో నడుస్తూ మున్సిపాలిటీ డబ్బుతో బతికే కేంద్రాలున్నాయి. స్థానిక సరుకు చాలక బయటి మిఠాయి డబ్బాలతో అరలు నింపేవీ ఉన్నాయి. ధర ఎవరికి వారే పెట్టుకుంటే, పెన్షన్ ఉండి సరదాకి పండించేవాళ్లు తక్కువకు అమ్మి, సేద్యం మీదే బతికేవాళ్ల కడుపు కొడతారన్న గొడవ కూడా ఉంది. జపాన్ రైతుల సగటు వయసు డెబ్భైకి దగ్గర పడింది. హోతా బడిలో అంగడి పెట్టినంత మాత్రాన పిల్లలు తిరిగి రాలేదు, క్యోనాన్ జనాభా తగ్గుతూనే ఉంది. అయినా ఆ పెద్దావిడ తన పల్లికాయకు తన పేరు, తన ధర రాసుకుంటోంది. నేను మాట్లాడేది ఆ ఒక్క విషయం గురించే.

ఆ రాత్రి ఇంటికొచ్చి అమ్మకు ఫోన్ చేశాను.

“ఇక్కడ ఉడకబెట్టిన పల్లికాయ అమ్ముతున్నరమ్మా” అన్నాను.

“ఎంతకిస్తున్నరు?” అంది. చెప్పాను.

“ధర ఎవరు చెప్తరు బిడ్డా?”

“పండించినోళ్లే రాసి పెడ్తరు.”

“మరి కొనేటోళ్లు బేరం చెయ్యరా?”

“చెయ్యరమ్మా.”

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత “మంచిగుంది” అని, పాప ఏం తిన్నదో అడిగింది.

అమ్మ ఆ ప్రశ్న ఊరికే అడగలేదు. మాది పాలమూరు. షాద్‌నగర్ దాటాక రోడ్డు పక్కన సీతాఫలాల గంపలు పెట్టుకుని కూర్చునే ఆడవాళ్లను మీలో చాలామంది కారులోంచి చూసే ఉంటారు. వాళ్లలో మా అమ్మ ఒకరు. అప్పుడది ఏడో నంబర్ జాతీయ రహదారి, ఇప్పుడు నలభై నాలుగు. నా చదువుకు కట్టిన ఫీజుల్లో కొన్ని దసరా, దీపావళి మధ్య ఆ రోడ్డు మీద పుట్టినవే. తెల్లారకముందే గుట్ట మీద కాయ తెంపుకుని వచ్చి, రోజంతా ఎండలో కూర్చునేది. నీడ లేదు, నీళ్లు లేవు, ఆడవాళ్లు పోవడానికి మరుగు లేదు. అందుకని పొద్దున నుంచి నీళ్లు తాగేది కాదు. ఈ సంగతి నాకు పెద్దయ్యాక తెలిసింది.

ధర ఎప్పుడూ అమ్మ చెప్పింది కాదు. కారు ఆపినాయన సగానికి అడిగేవాడు. సాయంత్రానికి మాగిపోయే పండు కాబట్టి ఇవ్వక తప్పేది కాదు. మిగిలింది బేరగాడు గంపకింత అని లెక్కగట్టి తీసుకుపోయేవాడు. రోడ్డు నాలుగు లైన్లయ్యాక బండ్లు ఆగడమూ తగ్గింది. రోడ్డు బాగుపడిందని సంబరపడ్డవాళ్లలో నేనూ ఉన్నాను.

మన దగ్గర ప్రయత్నాలు జరగలేదని అనను. 1999 జనవరిలో మొదలైన రైతు బజార్లు మంచి ఆలోచనే. దళారీ లేకుండా రైతే అమ్ముకోవచ్చు. కానీ రైతు పని వదిలి రోజంతా అక్కడే కూర్చోవాలి, ధర బోర్డు మీద అధికారుల లెక్క ప్రకారం ఉంటుంది. రైల్వేలు 2022లో ఒక స్టేషన్‌కు ఒక స్థానిక ఉత్పత్తి అని స్టాళ్లు పెట్టాయి. ఇక జాతీయ రహదారుల పక్కన పెట్రోల్ బంకు, ఫుడ్ కోర్టు, టాయిలెట్లతో ప్రయాణికుల కేంద్రాలు కట్టించడానికి స్థలాలను వేలంలో కంపెనీలకు లీజుకిస్తున్నారు. స్థానిక సరుకుకు ‘విలేజ్ హాట్’ అన్న మాట కూడా ఆ ప్లానులో ఉంది. సంతోషం. కానీ అందులో గంప పెట్టుకునే హక్కు ఎవరికి? ధర ఎవరు రాస్తారు? అద్దె ఎంత? ఈ మూడింటికీ జవాబు రాసి లేకపోతే అది కాగితం మీది గదిగానే మిగులుతుంది, లేదా చిప్స్ ప్యాకెట్ల కొట్టుగా మారుతుంది.

మనం ఏటా డబ్బు పోగేస్తాం. బడికి రంగులు వేయిస్తాం, కంప్యూటర్లు కొనిస్తాం, ఫొటోలు దిగుతాం. నేనూ దిగాను. నేను చదివిన బడిలో మేం ఇచ్చిన కంప్యూటర్లు ఉన్నాయి, పిల్లలు లేరు. రెండేళ్ల కింద దాన్ని పక్క ఊరి బడిలో కలిపేశారు. పిల్లలు ఎందుకు లేరంటే, వాళ్ల అమ్మానాన్నలు పనికోసం వలస పోయారు. నేను టోక్యో పోయాను, వాళ్లు హైదరాబాద్‌లో బిల్డింగుల పనికి పోయారు. బళ్లు మూసి అంగళ్లు తెరవమని నేను చెప్పడం లేదు. అంగడిలో ధర దొరికితే బడిలో పిల్లలు మిగులుతారేమో ఆలోచించమంటున్నాను.

అడిగేది పెద్దదేం కాదు. ఈ ఏడాది మన డబ్బులో కొంత భాగం ఒకే ఒక్క చోటుకు పెడదాం. రోడ్డుకు దగ్గరగా, పంచాయతీ స్థలంలో, ఆడవాళ్ల సంఘం చేతిలో. ఒక రేకుల షెడ్డు, రెండు టాయిలెట్లు, నీళ్లు, ఒక కౌంటర్, ఒక స్టిక్కర్ మెషీన్. ప్రోగ్రాం నేను రాస్తాను, ఇంకో ఇద్దరు తోడు వస్తే చాలు. పార్కింగ్ కోసం రోడ్ల శాఖను అడగడం, విలేజ్ హాట్ షరతులు ఏమిటో సమాచార హక్కు కింద రాబట్టడం మన ఫోరం చేయగలిగిన పనే. ఇలాంటి అర్జీలు మనకు కొత్త కాదు.

అది నడవకపోవచ్చు. ఒకటి రెండు సీజన్లు నష్టం రావచ్చు. కానీ మొదటి రోజు అక్కడ పెట్టే గంప మీద సీతాఫలం అని, ధర ఇంత అని, కింద ఒక అమ్మ పేరు ఉండాలి. వచ్చే దసరాకు సెలవు పెట్టి ఊరికి పోతున్నాను. నాతో ఎవరెవరు వస్తారో వచ్చే మీటింగులో చెప్పండి.