గోనెపట్ట కట్టుకొన్న పాటలు



మన సంఘములో ఒక యౌవనస్థుడు తండ్రిని పోగొట్టుకొన్నాడు. రాత్రులు నిద్రపోకుండా సెల్‌ఫోనులో ఏవో ఇంగ్లీషు పాటలు వింటున్నాడని తల్లి వచ్చి చెప్పింది. వెళ్ళి ఒకటి విన్నాను. పాడెవెనుక నడుస్తున్నట్టుండే తాళము, బ్యాంజో తీగెల చప్పుడు, కేకవేసి పిలుస్తున్నట్టుండే గొంతు. "ఇవి వద్దు బాబూ, సంతోషగీతాలు పాడుకో" అన్నాను. అతడు తల వంచుకొన్నాడు. అటుతరువాత ఆరాధనకు వచ్చి వెనుక వరుసలో కూర్చునేవాడు, స్తుతిపాట మొదలు కాగానే లేచిపోయేవాడు.

చాలా నెలలకు ఒకనాడు మందిరము మెట్లమీద తానే అన్నాడు: "అయ్యగారూ, ఆ రోజు మీరు విన్న పాట పాడినాయన ఒక బోధకుని మనుమడండి."

ఆ గాయకుడు డేవిడ్ యూజీన్ ఎడ్వర్డ్స్. అమెరికాలో కొలరాడో రాష్ట్రము, డెన్వర్ పట్టణమువాడు. తాతగారు నజరేను సంఘములో ప్రసంగీకులు. ఈయన 1990లలో నడిపిన బృందము పేరు సిక్స్‌టీన్ హార్స్‌పవర్. 1996లో వచ్చిన వారి ఆల్బమ్ పేరు 'గోనెపట్టయు బూడిదెయు' అని అర్థమిచ్చేదే. యోబును, నీనెవె రాజును ఎరిగిన మనకు ఆ పేరు వివరించనక్కరలేదు. నేనేమో వినీ వినకముందే వద్దన్నాను! ఆ బృందము 2005లో విడిపోయింది. అంతకుముందే, 2001లో, ఆయన వోవెన్‌హ్యాండ్ అనే మరొకటి మొదలుపెట్టాడు.

ఇటువంటివారు ఎలా దొరుకుతారని అడిగాను. రేడియోలో రారట. ఒకరి పాట పట్టుకొని, అది ఎవరి దగ్గర నేర్చారో వెదకుతూ పోవాలట. 2002లో ఆ బృందము తెచ్చిన 'ఫోక్‌లోర్' ఆల్బమ్‌లో కార్టర్ కుటుంబము వారి పాత పాట ఒకటుంది. వర్జీనియా కొండలలోని పల్లెవాసులు వారు. 1927 ఆగస్టులో బ్రిస్టల్ పట్టణానికి వచ్చి మొదటిసారి రికార్డు ఇచ్చారు. ఇంటిపెద్ద ఏ.పి. కార్టర్ ఊరూరా తిరిగి పాత పాటలు సేకరించేవాడు. కొన్నాళ్ళు ఆయనకు తోడు వెళ్ళిన లెస్లీ రిడిల్ నల్లజాతి గిటారు వాద్యకారుడు. మాటలు కార్టర్ వ్రాసుకొనేవాడు, రాగము రిడిల్ మనసులో పెట్టుకొని వచ్చేవాడు. మన పల్లెలలో ఎన్ని పాటలు ముసలమ్మలతోపాటే సమాధి అయిపోయాయో తలచుకొంటే దిగులు కలుగుతుంది.

ఆ వెదకులాటలోనే అతనికి హ్యాండ్‌సమ్ ఫ్యామిలీ అనే భార్యాభర్తలు దొరికారు. మాటలు ఆమెవి, రాగము ఆయనది. 2003 నాటి వారి పాట ఒకటి 2014లో ఒక టీవీ సీరియల్‌కు మొదటి పాటగా పెట్టాకే చాలామందికి తెలిసింది. ఈ సంగీతమంతా ఇంట్లో పిల్లలకు వినిపించండని చెప్పను. హత్యలు, తాగుడు కూడా ఇందులో ఉంటాయి.

అయితే ఆ రాత్రి ఇంటికి వెళ్ళి 88వ కీర్తన తీశాను. మిగతా విలాప కీర్తనలు చాలామట్టుకు చివర స్తుతివైపు తిరుగుతాయి. ఇది తిరగదు, చీకటిలోనే ఆగిపోతుంది. ఇన్నేళ్ళ పరిచర్యలో ఒక్కనాడూ దానిమీద ప్రసంగించలేదు. సమాధి కూడికలలో కూడా దాటవేశాను.

తండ్రి జ్ఞాపకార్థ కూడికకు ఏమి చదవమంటావని అతణ్ణే అడిగాను. "అదే చదవండయ్యగారూ" అన్నాడు. చివరి వచనమువరకు చదివి, బైబిలు మూసి, ఊరకుండిపోయాను. పాట ఎత్తుకోలేదు. తల్లి కొంగు నోటికి అడ్డుపెట్టుకొని ఏడ్చింది. వెనుక వరుసలో అతడు లేవకుండా కూర్చునే ఉన్నాడు.